58వ ఏట కట్టిన గజ్జెలు

భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి మీద సత్యజిత్ రాయ్ 1976లో 'బాల' అనే డాక్యుమెంటరీ తీశారు. నిడివి 33 నిమిషాలు. బొంబాయిలోని నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్, తమిళనాడు ప్రభుత్వం కలిసి దాన్ని తీయించాయి. వ్యాఖ్యానం రాయ్ గొంతులోనే వినిపిస్తుంది. కెమెరా సౌమేందు రాయ్‌ది, కూర్పు దులాల్ దత్తాది. ఈ చిత్రం ప్రస్తావన వస్తే చాలామంది మొదట అనే మాట ఒకటుంది: ఇంకా ముందే తీసి ఉండాల్సింది. అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. 1966లోనే రాయ్ ఈ చిత్రం తలపెట్టారు, కుదరలేదు. కెమెరా ఆమె ముందుకు వచ్చేసరికి ఆమెకు 58 ఏళ్లు. 1930లలో కలకత్తాలో ఆమె నాట్యాన్ని కుర్రవాడిగా చూసిన రాయ్‌కి ఆ తేడా మరొకరు చెప్పనక్కర్లేదు. అయినా ఈ చిత్రానికి చారిత్రక విలువ తెచ్చిపెట్టింది ఆ ఆలస్యమేనని నా వాదన. పాతికేళ్ల బాలసరస్వతిని తీసి ఉంటే ఒక మహా నర్తకి రూపం మనకు దక్కేది. 58 ఏళ్ల మనిషిని తీయడం వల్ల, ఆమె పుట్టిన వృత్తి తన పనితనాన్ని దేనితో కొలుచుకునేదో చెప్పే సాక్ష్యం దక్కింది. ఆ వృత్తి మీద అర్ధ శతాబ్దం పాటు మోపిన అభియోగానికి ఇంతకు మించిన జవాబు కాగితం మీద దొరకదు.

ఆ వృత్తి ఎలాంటిదో ముందు చూడాలి. బాలసరస్వతి 1918 మే 13న మద్రాసులో పుట్టింది. అమ్మమ్మ వీణ ధనమ్మాళ్, తల్లి గాయని జయమ్మాళ్. తమ్ముళ్లలో రంగనాథన్‌ది మృదంగం, విశ్వనాథన్‌ది వేణువు. విద్య తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి దిగే ఇల్లు అది. ఆ వంశం వేళ్లు తంజావూరు ఆస్థానంలో ఆడి పాడిన దేవదాసీ స్త్రీల దాకా వెళ్తాయి. జార్జిటౌన్‌లోని ధనమ్మాళ్ ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు జరిగే వీణ కచేరీకి నగరంలోని పెద్ద విద్వాంసులు వచ్చి చప్పుడు చేయకుండా కూర్చునేవారు. అక్కడ వినిపించేదాంట్లో పెద్ద భాగం తెలుగే. 17వ శతాబ్దంలో మువ్వగోపాలుడి ముద్రతో క్షేత్రయ్య రాసిన పదాలు, తర్వాతి కాలంలో ధర్మపురి సుబ్బరాయర్ రాసిన జావళులు ఆ ఇంటి ఆస్తి. కృష్ణా తీరపు వాగ్గేయకారుడి పదాలు తంజావూరు నాయకరాజుల కాలం నుంచి తమిళదేశంలో మూడు వందల ఏళ్లు నిలిచాయంటే ఇలాంటి ఇళ్ల స్త్రీలు గొంతు నుంచి గొంతుకు అందించడం వల్లే. క్షేత్రయ్య పదంలోని నాయికను ఒకసారి తలుచుకుంటే విషయం తేలికగా బోధపడుతుంది. ఆమె కోపానికి కారణాలుంటాయి, నవ్వుకు వెనక కథ ఉంటుంది, మాట ఒకటైతే మనసు మరొకటి. విలంబ కాలంలో నడిచే పాటలో ఆ రెండూ ఒకే ముఖం మీద కనపడాలి. పన్నెండేళ్ల పిల్ల ఆ పదాన్ని పొల్లుపోకుండా నేర్చుకోగలదు. దానికి అర్థం పట్టడం నలభై దాటాకే మొదలవుతుంది. అంటే ఈ వృత్తికి కేంద్రంలో ఉన్న సాహిత్యమే వయసును కోరుతుంది.

ఇప్పుడు అభియోగం సంగతి. 1893లో మద్రాసులోని హిందూ సంఘ సంస్కర్తలు నాచ్ కచేరీలకు పెద్దలెవరూ హాజరు కాకూడదని వైస్రాయికి, గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. తెలుగునాట కందుకూరి వీరేశలింగం భోగం మేళాల మీద గట్టిగా కలం పట్టారు. వాళ్ల బాధ నిజమైనదే. దాని దగ్గరికి తర్వాత వస్తాను. కానీ ఆ వాదం నాట్యాన్ని చూసిన తీరులో ఒక అంచనా దాగి ఉంది. ఈ స్త్రీల ఆటలో ఉన్నదల్లా పడుచుదనమేనని, కళ అనే మాట దానికి వేసిన ముసుగని, చూడ్డానికి వచ్చేవాళ్లు వచ్చేది అందుకేనని ఆ అంచనా. 1947లో మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం వచ్చేనాటికి అది చదువుకున్నవాళ్లలో ఎవరూ ప్రశ్నించని సంగతిగా మారింది. ఆంధ్రలో 1956 సవరణ పెళ్లి మేళాలకూ అడ్డుకట్ట వేసింది. ఈలోగా అదే నాట్యం వేరే ఇళ్లకు చేరింది. 1930ల మొదట్లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఈ కళను వేదికెక్కించింది. 1936లో రుక్మిణీదేవి అరండేల్ కళాక్షేత్ర స్థాపించారు. ఆ సంస్థ చేసిన మేలు చాలా ఉంది. అయితే కొత్త ఇళ్లలో నాట్యం ఆడపిల్ల పెళ్లికి ముందు నేర్చే విద్య అయింది. అరంగేట్రం ఆరంభంగా ఉండాల్సింది, చాలామందికి అదే ముగింపు అయింది. ఒళ్లు చెప్పినట్టు వినే వయసులో గీతల్లా తీర్చిన అడుగులు వేయడం నాట్యానికి నమూనాగా స్థిరపడింది. ఆ ఇళ్ల స్త్రీలను పడుచుదనం అమ్ముకునేవాళ్లని తప్పుబట్టిన సమాజమే, చివరికి తన వేదిక మీద పడుచుదనాన్ని కొలతబద్దగా పెట్టుకుంది. ఈ తారుమారు నన్ను చాలా కాలంగా కలవరపెడుతున్న విషయం.

ఈ నేపథ్యంలో రాయ్ చిత్రాన్ని చూడాలి. అందులో ముఖ్యంగా రెండు నాట్యాలున్నాయి. మొదటిది కన్నడ కీర్తన 'కృష్ణా నీ బేగనే బారో', సముద్రం వెనకగా తీసింది. పిల్లవాణ్ని తొందరగా రమ్మని పిలవడం తప్ప ఆ పాటలో కథంటూ పెద్దగా లేదు. అదే పిలుపు మళ్లీ మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడల్లా పిలిచే తల్లి మనసు మారాలి. బుజ్జగింపు, అలక, ముద్దు, తన బిడ్డే జగత్తని తెలిసిన క్షణంలో కలిగే బెదురు, అన్నీ ఆ కొద్ది మాటల్లోంచే రావాలి. అభినయం నేర్చినవాళ్లు దీన్ని సంచారి అంటారు. ముందే కట్టిపెట్టుకున్న చేతుల వరసతో సంచారి నిలవదు. పాట నడుస్తుండగా ఆ క్షణంలో పుట్టాలి, పుట్టిందని చూసేవాడికి తెలియకూడదు. 58 ఏళ్ల శరీరం, గాలి వీచే తీరం, చుట్టూ ఏ అలంకారమూ లేని ఇసుక. అక్కడ ఒక తల్లి పిలుస్తోందని నమ్మడానికి ప్రేక్షకుడికి రెండు చేతులు, ఒక ముఖం సరిపోయాయి. రెండోది రాగమాలికలో కట్టిన పదవర్ణం. నృత్తం, అభినయం రెండూ మోసే బరువైన అంశం అది, భరతనాట్య కచేరీకి నడుమ నిలబడేది. దానికి ఆమె కట్టుకున్న గజ్జెలు కంచి కామాక్షి సన్నిధిలో ఏడేళ్ల వయసులో తొలి ప్రదర్శనకు కట్టుకున్నవే. 1925కు, 1976కు మధ్య 51 ఏళ్లు. ఆ గజ్జెల ముచ్చట చెప్పడం రాయ్ పొందికైన కథనానికి ఒక అందం అనుకోవచ్చు. నాకు మాత్రం అది చిత్రంలోని అతి ముఖ్యమైన సమాచారం. ఏడేళ్ల పిల్లగా మొదలుపెట్టిన పనిని అరవైకి దగ్గరపడ్డాక కూడా అదే సామగ్రితో చేసేవాళ్లను మనం వృత్తికారులంటాం. కంసాలికి, నేతగాడికి ఇచ్చే ఆ గౌరవం ఆడే స్త్రీకి మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఈ కొలత బాలసరస్వతి ఒక్కరి సొంత ఆలోచన కాదనడానికి ఆమె గురువుల వరస చూస్తే చాలు. నృత్తం నేర్పింది తంజావూరు సోదర చతుష్టయం వంశీకుడు కందప్ప పిళ్లై, చాలా కఠినమైన గురువు. నాట్యం మీద మనసు పడేలా చేసింది మైలాపూరు గౌరి అమ్మాళ్. కపాలీశ్వర ఆలయంలో ఆడిన ఆమె ముసలితనంలో కూడా అభినయం నేర్పుతూనే గడిపింది. మన వైపు నుంచి వెళ్లినవారు కూచిపూడి వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి. మగవాళ్లే ఆడే ఊరి నుంచి వచ్చిన ఈ బ్రాహ్మణ గురువు మద్రాసులో ఆమెకు అభినయం చెప్పారు. పాటలోని ఒక మాటను పట్టుకుని దాన్ని ఎన్ని విధాలుగా విప్పవచ్చో చూపించడంలో ఆయనది తిరుగులేని పేరు. క్షేత్రయ్య పదాన్ని కాపాడిన ఇంటికి కృష్ణా జిల్లా నుంచే ఒక గురువు వెళ్లి దాన్ని విప్పి చెప్పడం తెలుగువాళ్లు మరవకూడని ఘటన. గౌరి అమ్మాళ్, శాస్త్రి ఇద్దరి విద్యా వయసుతో తరిగేది కాదు. బాలసరస్వతి స్వయంగా పాడుతూ అభినయించేది. ఆమెకు 1973లో మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. సంగీత విద్వాంసులకిచ్చే ఆ బిరుదు నర్తకికి దక్కిందంటే, ఆమె చేసే పనిలో అడుగుల కన్నా లోతైనదేదో ఉందని పండితులు ఒప్పుకున్నట్టే. 1975 డిసెంబరులో తమిళ ఇసై సంఘం సభలో అధ్యక్షోపన్యాసం చేస్తూ ఆమె భరతనాట్య కచేరీ క్రమాన్ని ఆలయంలోకి నడిచి వెళ్లడంతో పోల్చింది. అలరిప్పు గోపురం; అక్కణ్నుంచి మంటపాలు దాటుకుంటూ వర్ణం దగ్గరికి చేరతాం; గర్భగుడిలోని నిశ్శబ్దం పదానిది. శృంగారాన్ని కడిగి శుద్ధి చేయాలన్న వాదాన్ని కూడా ఆమె అక్కడ నిర్మొహమాటంగా తోసిపుచ్చింది. అది ఉన్నట్టే పవిత్రమైనదని ఆమె వాదం. ఆ మాటలన్న మరుసటి సంవత్సరమే చిత్రం తయారైంది. చెప్పిందానికి రుజువు చూపించినట్టయింది.

దీనికి మొదటి అభ్యంతరం సహజంగానే వస్తుంది. రాయ్ కోరి ముసలితనాన్ని ఎంచుకోలేదు కదా, అవసరం కొద్దీ దొరికినదాన్ని తీశారు. దాన్ని పట్టుకుని ఒక సిద్ధాంతం కట్టడం ఎంతవరకు న్యాయం? నృత్తంలో ఆమె పూర్వపు వేగం, పట్టు ఈ చిత్రంలో లేవని ఒప్పుకోవాల్సిందే. మెరుపులాంటి ఆమె తీర్మానాల (అడుగుల ముక్తాయింపుల) గురించి పాతవాళ్లు చెప్పుకున్నది మనం చూడలేం. అది తీరని నష్టం. అయినా దర్శకుడి ఉద్దేశం ఒకటి, చిత్రం చెప్పే సాక్ష్యం ఒకటి. ఇంకో మాట. నాలుగేళ్ల ముందు, 1972లో, రాయ్ 'ది ఇన్నర్ ఐ' తీశారు. శాంతినికేతన్ చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ మీద తీసిన చిత్రం అది. కంటి ఆపరేషన్ తర్వాత ఆయనకు చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత కూడా ఆయన పని మానలేదు. చూపు పోయిన చిత్రకారుణ్ని కళాకారుడిగానే చూపిన దర్శకుడు, వయసు మళ్లిన నర్తకిని తీయడానికి వెనుకాడకపోవడంలో ఆశ్చర్యం లేదు. శరీరంలో ఒక శక్తి తగ్గాక కళలో ఏం మిగులుతుందన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుని ఉందని ఈ రెండు చిత్రాలూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఇక ఆలస్యం అన్న మాటకొస్తే, అంతకన్నా ఆలస్యమైతే ఏమవుతుందో చెప్పడానికి మణి కౌల్ 'సిద్ధేశ్వరి' ఉంది. బనారసు ఠుమ్రీ గాయని సిద్ధేశ్వరీ దేవి 1977లో పోయింది. ఫిలిమ్స్ డివిజన్ కోసం తీసిన ఆ చిత్రం 1989లో వచ్చింది. గాయని పాత్రలో మీతా వశిష్ఠ్ నటించాల్సి వచ్చింది. గొప్ప సినిమా అది, సందేహం లేదు. కానీ అక్కడ మనం చూసేది ఒక దర్శకుడి ఊహను. 'బాల'లో కనిపించేది ఆ మనిషే. బాలసరస్వతి గురించి చిత్రంలో మాట్లాడిన నర్తకుడు ఉదయ్ శంకర్ కూడా మరుసటి ఏడే పోయారు. ఆలస్యంగానైనా అందుకోవడం అంటే ఇదీ.

రెండో అభ్యంతరం సముద్ర తీరం గురించి. పదం, కీర్తన లాంటివి దగ్గరగా కూర్చున్న పదిమందికి చూపించేవి. అంత విశాలమైన చోట అభినయం పలచబడిపోతుందని నాట్యం తెలిసినవాళ్లు అన్నారు. వాళ్లతో నేను ఏకీభవిస్తాను. 1962లో అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంవాళ్లు ఇదే కీర్తనను ఆమెతో చిత్రీకరించారు. నాట్యం నేర్చేవాళ్లకు అదే ఎక్కువ ఉపయోగపడుతుంది కూడా. రాయ్ ఇంకొంచెం ఓపిక పట్టి ఆమెను ఒక గదిలో కూర్చోబెట్టి, ఆమె గొంతుతోనే ఒక తెలుగు పదం పూర్తిగా తీసి ఉంటే ఈ చిత్రం విలువకు లెక్క కట్టలేకపోయేవాళ్లం. వేదిక మీద వర్ణం ఒక్కటే గంటసేపు సాగగలదు. ఆమె జీవితం, కళ అంతా కలిపి 33 నిమిషాలంటే చాలా తక్కువ. ఇవి చిత్రంలో ఉన్న లోపాలు. వీటివల్ల సాక్ష్యం చిన్నదవుతుందే తప్ప చెల్లకుండా పోదు.

మూడో అభ్యంతరం వీటన్నిటికన్నా బరువైనది. ధనమ్మాళ్ ఇల్లు వేలల్లో ఒకటి. ఆ ఒక్క ఇంటిని చూపించి వృత్తి మొత్తాన్ని వెనకేసుకొస్తే, చిన్నతనంలోనే దేవుడి పేరు చెప్పి అప్పగించబడి, ఎవరి దయ మీదో బతికి, వయసు మళ్లాక దిక్కు లేకుండా పోయిన స్త్రీల మాటేమిటి? నిషేధం కోరినవాళ్లంతా బయటి పురుషులు కూడా కారు. శాసనసభలో పోరాడిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి తల్లి దేవదాసీ కులంలో పుట్టిన స్త్రీ. తెలుగునాట దేవదాసీ వృత్తివారైన కళావంతుల కుటుంబం నుంచే వచ్చిన యామినీ పూర్ణతిలకం ఆ ఆచారానికి ఎదురుతిరిగి, మద్రాసులో ఆడపిల్లలకు ఆశ్రయం నడిపింది. మరోవైపు గాయని బెంగుళూరు నాగరత్నమ్మ, ఆమెతో కలిసిన దేవదాసీలు బిల్లును వ్యతిరేకిస్తూ తమను కళాకారులుగా గుర్తించమని ప్రభుత్వాన్ని అడిగారు. ఈ రెండు పక్షాల్లో ఎవరినీ అబద్ధమాడినవాళ్లని అనలేం. నేను అనేది ఇంతే: పిల్లల్ని అంకితం చేసే ఆచారాన్ని ఆపడం వేరు, పెద్దయిన స్త్రీ తనకు తెలిసిన పని చేసుకోవడాన్ని నేరం చేయడం వేరు. మొదటిది అవసరం. రెండోదాన్ని సమర్థించడానికి ఆ పనిలో కళేమీ లేదని, ఉన్నదల్లా ఒంటి వ్యాపారమేనని నమ్మాల్సి వచ్చింది. సరిగ్గా ఆ నమ్మకాన్నే 'బాల' వమ్ము చేస్తుంది. ధనమ్మాళ్ ఇల్లు అరుదైనదే కావచ్చు. కానీ అక్కడి పదాలు, జావళులు, కూర్చుని ముఖంతో, చేతులతో అభినయించే పద్ధతి గోదావరి జిల్లాల్లో కళావంతుల ఇళ్లలోనూ ఉన్నవే. పేరూ డబ్బూ తేడా ఉండవచ్చు. విద్య తేడా లేదు.

గోదావరి ఇళ్లలో ఏం జరిగిందో కొంత మనకు తెలుసు. నిషేధం తర్వాత మేళాలు ఆగిపోయాయి, చాలా కుటుంబాలు ఆ ఊసే ఎత్తకుండా బతికాయి. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఊరూరా తిరిగి పాతతరం కళావంతుల దగ్గర నేర్చుకున్నారు, వాళ్లను మళ్లీ సభల ముందుకు తెచ్చారు. మద్దుల లక్ష్మీనారాయణ తదితర పెద్దల దగ్గర నర్తకి స్వప్నసుందరి నేర్చుకుని ఆ ఆటకు విలాసినీ నాట్యంగా రూపం ఇచ్చింది. 2012లో వచ్చిన పరిశోధకుడు దేవేశ్ సోనేజీ పుస్తకంలో, ఈ స్త్రీలు బయట ఆడటం మానేసిన దశాబ్దాల తర్వాత కూడా ఇంట్లో తలుపులు వేసుకుని పదాలు పాడుకుంటూ అభినయించుకున్న సంగతి వివరంగా ఉంది. డబ్బు ఇచ్చేవాడు లేడు, చప్పట్లు కొట్టేవాడు లేడు, వయసు ఎప్పుడో దాటిపోయింది. అయినా చేశారు. పడుచుదనమే ఈ విద్య అనేవాళ్లు దీనికి ఏం జవాబు చెబుతారో నాకు తెలియదు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ పెద్ద వయసులో కూడా సత్యభామ వేషం కడితే జనం కళ్లార్పకుండా చూశారు. ఆయన మీద దూలం సత్యనారాయణ 'ఐ యామ్ సత్యభామ' అనే డాక్యుమెంటరీ తీశారు. ఆ గౌరవం ఆయనకు తగినదే. ముసలి వయసులో ఆడవేషం కట్టిన మగవాడిలో మనం కళను చూడగలిగాం. అదే వయసులో అదే భామను అభినయించగల కళావంతుల స్త్రీ దగ్గరికి మాత్రం కెమెరా పట్టుకెళ్లాలని మనకు తోచింది తక్కువ.

క్షేత్రయ్య పదం తెలిసిన ఆఖరి తరం ఇంకా పూర్తిగా పోలేదు. కోనసీమలో, కాకినాడ, పెద్దాపురం చుట్టుపక్కల వాళ్ల కూతుళ్లు, మేనకోడళ్లు ఉన్నారు. ఆకాశవాణి, దూరదర్శన్, ఢిల్లీ సంగీత నాటక అకాడమీ భాండాగారాల్లో తెలుగు కళాకారిణుల పాటలు, అభినయాలు ఏవేవి ఉన్నాయో పేర్లతో, ఊళ్లతో జాబితా వేసి అందరికీ అందుబాటులో పెట్టే పనిని రెండు తెలుగు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలూ తలకెత్తుకోవాలి. డాక్యుమెంటరీ తీసే యువకులకు నా విన్నపం: వాళ్ల ఇళ్లకు వెళ్లండి, వాళ్లు ఇష్టపడితేనే కెమెరా బయటికి తీయండి, నగలూ వేదికా వెలుగులూ అడగకండి. చాప మీద కూర్చోబెట్టి ఒక పదం మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో కత్తిరించకుండా తీయండి. వాళ్లకు ఎనభై ఏళ్లున్నా సరే, ఇప్పుడే వెళ్లండి.